ఉప్పలమ్మ కొడుకు గుండె చప్పుడు

చండూరు పద్మశాలీల వాడలో ఉప్పలమ్మ నోటికి ఎదురు లేదు. కల్లు దుకాణం ముందర తగవులాడుకునే మొగవాళ్ళు సైతం, ఆమె కండెల బుట్ట చంకన పెట్టుకుని వస్తుంటే గొంతు తగ్గించేవాళ్ళు. అట్లాగని మనిషి చెడ్డదా అంటే, అబ్బే! ఎవరింట్లో పొయ్యి రాజుకోకపోయినా మొదటి గిన్నె వెళ్ళేది ఆమె ఇంట్లోంచే. గిన్నెతో పాటు నాలుగు తిట్లు కూడా వెళ్ళేవి.

మొగుడు పోయేనాటికి ఆమెకు ముప్పై నిండలేదు. కొడుకు బిక్షానికి ఆరేళ్ళు. రాట్నం తిప్పి, వాడలోని మగ్గాలకు కండెలు చుట్టి, కొడుకును పెంచింది. వాడు పెద్దవాడై తండ్రి మగ్గంలోనే కూచున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ చప్పుళ్ళ మధ్యనే బతికిన మనిషి కదా, ఆమె చెవులు అట్లా తయారయ్యాయి. వంటింట్లో జొన్నరొట్టె కొడుతూ కొడుతూ ముందరింట్లోకి కేక వేసేది, "ఒరే బిక్షం, పోగు తెగింది, సూస్కో!" అని. వాడు అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపి చూస్తే నిజంగానే తెగి ఉండేది. కళ్ళతో చూసే వాడికి తెలియనిది, రొట్టె కొట్టే ఆమెకు ఎట్లా తెలిసేదో ఆ దేవుడికే తెలియాలి.

బిక్షానికి చిన్నతనంలో కీళ్ళు వాచి జ్వరం వచ్చి పోయింది. పోయిందనే అందరూ అనుకున్నారు. పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని చెడగొట్టి పోయిందని ఇరవై ఆరో ఏట బయటపడింది. పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు. మగ్గం గుంటలోంచి లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే దగ్గు. నల్లగొండ డాక్టరు చూసి మద్రాసుకు చీటీ రాసిచ్చాడు. అక్కడి పెద్ద దవాఖానలో వాడి రొమ్ము కోసి, చెడిన కవాటం తీసేసి, దాని జాగాలో చిన్న లోహపు గూడు పెట్టారు. గూట్లో ఒక తెల్లటి బంతి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ బంతి ఎగిరి పడుతూ రక్తానికి దారి ఇస్తుంది, దారి మూస్తుంది. 1969 నాటి మాట ఇది. ఈ దేశంలో అట్లాంటి గుండె ఉన్నవాళ్ళు అప్పటికి ఎంతమందో లేరు, అందులో ఒకడు మన చండూరు బిక్షం!

ఊరంతా కదిలివచ్చింది. ఎందుకు రాదు? వాడు ఊరికే కూచుంటే చాలు, టిక్కు టిక్కుమని లోపలి చప్పుడు మూరెడు దూరానికి వినిపించేది.

"టైమెంతయ్యిందిరా బిక్షం?" అని తోటి నేతగాళ్ళు ఆట పట్టించేవాళ్ళు.

"వేరే పనే లేదారా, నా కొడుకు గుండె మీదనే కండ్లు పడ్డయి మీకు!" అని ఉప్పలమ్మ చీపురు తీసేది. తీసి, లోపలికి పోయి మురిసిపోయేది.

మద్రాసులో బయలుదేరే ముందు తెలుగు తెలిసిన నర్సు ఒకామె ఉప్పలమ్మనూ, కోడలు యాదలక్ష్మినీ కూచోబెట్టి విడమరిచి చెప్పింది. "అమ్మా, మన సొంత గుండెలో రక్తం ఎక్కడా అంటుకోకుండా సాగిపోతుంది. ఈ లోహం మీద మాత్రం పేరుకుని గడ్డకట్టాలని చూస్తుంది. గడ్డకడితే బంతి ఇరుక్కుంటుంది. లేదంటే గడ్డ ముక్క తెగి మెదడుకు పోతుంది. రెండూ ప్రాణానికే ముప్పు. అందుకని రక్తాన్ని తొందరగా గడ్డకట్టనియ్యని ఈ మాత్ర రోజూ వెయ్యాలి, బతికున్నన్నాళ్ళూ. నెలకొకసారి హైదరాబాదులో రక్తం పరీక్ష. ఆయాసం వచ్చినా, గుండె చప్పుడు మారినా ఆ పూటే దవాఖానకు తీసుకుపోవాలి. తిండి మాత్రం ఎప్పుడూ ఒకే తీరుగా పెట్టండి, ఉన్నట్టుండి మార్చకండి."

ఉప్పలమ్మ అన్నిటికీ తలూపింది. చదువు రాదు, కానీ ఆమె లెక్క ఆమెకుంది. ఇంటికి వచ్చిన రోజు నుంచి ఒక నూలు పోగు మెడకు కట్టుకుంది. పొద్దు గూకకముందే కొడుకు నోట్లో గోలి వేయడం, పోగుకు ఒక ముడి వేయడం. పోగు నిండితే ఇంకో పోగు అతికేది. వానొచ్చినా వరదొచ్చినా ముడి పడాల్సిందే. చుట్టాలింట్లో పీటల మీద పెళ్ళి జరుగుతుంటే, మంగళసూత్రం కట్టే వేళకు లేచి కొడుకుకు గోలి వేసి వచ్చి కూచుంది. పురోహితుడు ఒకసారి గుర్రుగా చూస్తే, "నీ మంత్రం నువ్వు సదువు, నా మంత్రం నేను సదువుకున్న" అంది.

ఆ యేడు ప్రత్యేక రాష్ట్రం కావాలని తెలంగాణ అంతా అట్టుడికిపోతోంది. పొద్దున లేస్తే హర్తాళ్ళు, ఊరేగింపులు, రాళ్ళు. బస్సు ఏ రోజు నడుస్తుందో, ఏ రోజు ఆగుతుందో ఎవరికీ తెలియదు. మొదటి రెండు నెలలూ హైదరాబాదు పోయి రక్తం చూపించుకొచ్చారు, అంతా బాగుందన్నారు. ఆ తర్వాత రెండు నెలలు దారే దొరకలేదు. గోలి వేస్తున్నాం కదా, ఫికర్ లేదనుకున్నారు.

అంతలో తొలకరి పడింది. నల్లగొండ ఎర్ర చెలకల్లో నాలుగు చినుకులు పడితే ఏమవుతుందో ఆ నేల మీద పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గట్ల వెంబడి గంగవాయిలి కూర, తుమ్మికూర, చెలకల్లో తోటకూర, కాలువ ఒడ్డున పొన్నగంటి. రోగమొచ్చి లేచిన మనిషికి ఆకుకూర పెడితే రక్తం పడుతుందని వాడలో పసిపిల్లకు కూడా తెలుసు. పైగా బిక్షం అందరి బిడ్డ. ఒకామె కొంగులో గంగవాయిలి తెచ్చేది, ఇంకొకామె చాటలో పొన్నగంటి తెచ్చేది. అంతకుముందు పచ్చిపులుసు, పప్పుచారులతో గడిచిన ఇంట్లో రెండు పూటలా ఆకుకూరే. కొడుకు వద్దంటే ఉప్పలమ్మ ఊరుకుంటుందా?

"మద్రాసోళ్ళు నీ రక్తమంత పీల్సిండ్రు కొడుకా. తిను! ఇంగో ముద్ద తిను!"

బిక్షం చెంపలు నున్నబడ్డాయి. యాదలక్ష్మి ముఖం వెలిగింది. అంతా మంచే జరుగుతోందని ఆ ఇల్లు నమ్మింది.

ఆషాఢంలో ఒక పొద్దున, ఎండ వాకిట్లోకి వచ్చే వేళ, బిక్షం మగ్గం ఆపి అన్నానికి కూచున్నాడు. ఉప్పలమ్మ ఎదురుగా కూచుని పళ్ళెంలో వడ్డిస్తున్నది. వడ్డిస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఒరే, నీ సప్పుడేది?"

"ఏం సప్పుడమ్మా?"

"నీ గుండె సప్పుడు. టిక్కుమంటలేదు. గుడ్డల సుట్టి కొట్టినట్టు అంటాంది."

యాదలక్ష్మి వచ్చి విన్నది. "నాకు ఎప్పటి తీర్గనే ఉన్నదత్తమ్మా" అంది. పక్కింటివాళ్ళు వచ్చి విన్నారు. బాగానే ఉందన్నారు. కడుపులో గాలి పట్టిందేమో, వాము నమలమన్నారు. బిక్షం నవ్వి, "నీకు అనుమానమెక్కువ" అంటూ చెయ్యి కడుక్కుని లేచాడు. గడప దాకా నడిచి గోడ పట్టుకున్నాడు. ఆయాసం! ఆర్నెల్ల కింద పోయిన ఆ పాపిష్టి ఆయాసం మళ్ళీ వచ్చి కూచుంది.

ఇంకెవరి మాటా వినలేదు ఉప్పలమ్మ. "వాము నీ మొగునికి పెట్టుపో!" అని పక్కింటామెను అదిలించి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి వీధిలోకి ఉరికింది. ఆ రోజు హర్తాల్, బస్సు లేదు. ఊళ్ళో ఉన్న పెద్ద బండి ఒక్కటే, నేతగాళ్ళ సొసైటీకి నూలు తెచ్చే లారీ. దాని డ్రైవరు గురవయ్య చింతచెట్టు కింద బీడీ కాలుస్తున్నాడు.

"లెవ్వు గురవయ్యా, పట్నం పోవాలె."

"ఇయ్యాల్నా? అద్దాలు పలగ్గొడ్తరక్కా! చౌటుప్పల్ కాడ పోరగాండ్లు రోడ్డు మీద మొద్దులేసిండ్రు."

"అద్దాలు పగిల్తె మల్ల ఏపియ్యొచ్చు. నా కొడుకు ఒక్కడే ఉన్నడు. లెవ్వు!"

గురవయ్య బీడీ పారేసి లేచాడు. లేవక చస్తాడా!

ఖాళీ లారీలో నూలు సంచులు పరిచి బిక్షాన్ని ఆనించి కూచోబెట్టారు. మునుగోడు దాటారు. దారి పొడుగునా ఉప్పలమ్మ చెవి కొడుకు రొమ్ము మీదే. లారీ చప్పుడులో ఆమెకు ఏం వినిపించిందో ఏమో కానీ, "ఉన్నది, ఉన్నది" అని యాదలక్ష్మికి చెబుతూ వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల ఊపిరి పీల్చుకునేది.

చౌటుప్పల్ దగ్గర హైదరాబాదు రోడ్డు ఎక్కేచోట గురవయ్య చెప్పినట్టే మొద్దులు, వాటి వెనుక ఎడ్లబండ్లు, బండ్ల మీద యాభై మంది విద్యార్థులు. "జై తెలంగాణ" నినాదాలకు చెవులు పగిలిపోతున్నాయి. వాళ్ళకు ముందున్నవాడి పేరు అమరేందర్. తలకు రుమాలు కట్టి, చేతిలో జెండా పట్టుకుని లారీకి అడ్డం నిలబడ్డాడు.

"ఎనుకకు మలుపుండ్రి! హర్తాల్."

ఉప్పలమ్మ లారీ దిగి వాడి ముందుకు పోయింది. "నా కొడుకుకు పానం మీదికొచ్చింది బిడ్డా. దారియ్యి."

"అందరు గట్లనే చెప్తరమ్మా. నిన్న ఒకడు రోగమని చెప్పి లారెడు సామాను తోల్కపోయిండు."

ఉప్పలమ్మకు ఒళ్ళు మండింది. ఇంకెవరైనా అయితే కాళ్ళా వేళ్ళా పడేవాళ్ళు. ఈమె వాడి చెయ్యి పట్టి లారీ దగ్గరికి బరబరా గుంజుకుపోయింది. జెండాతో సహా!

"ఎక్కు. ఎక్కి నా కొడుకు రొమ్మున చెవ్వు పెట్టు. పెట్టినంక గూడ మలుపుమంటె నేనే ఈ లారీకి అడ్డం పండుకుంట."

యాభై మంది చూస్తున్నారు. అమరేందర్ సిగ్గుపడుతూనే ఎక్కాడు, బిక్షం రొమ్ము మీద చెవి ఆనించాడు. నినాదాలు ఆగిపోయాయి. కాసేపటికి తల ఎత్తేసరికి ముఖంలో నెత్తురు లేదు.

"ఏందమ్మా ఇది? లోపల ఏందో కొట్టుకుంటాంది... ఇనుపదాని తీర్గ..."

"మద్రాసోళ్ళు పెట్టిన బంతి. రక్తం గడ్డకట్టి అది ఇర్కపోతాంది. అది ఆగిందంటే నా కొడుకు ఆగిండు."

ఆ తర్వాత జరిగింది చౌటుప్పల్లో చాన్నాళ్ళు చెప్పుకున్నారు. అమరేందర్ లారీ మీది నుంచి దూకి, "తియ్యుండ్రి! మొద్దులు తియ్యుండ్రి!" అని అరిచిన అరుపుకు యాభై మందీ ఒక్కసారి కదిలారు. ఎడ్లను కట్టే తీరిక లేక బండ్లను చేతులతోనే పక్కకు నెట్టారు. వాడు ఊరుకున్నాడా? జెండా పట్టుకుని లారీ మెట్టు మీదికి ఎక్కాడు. ఎక్కడ అడ్డం కనిపిస్తే అక్కడ, "దవాఖాన లారీ! జై తెలంగాణ! జరుగుండ్రి!" అని గొంతు చించుకున్నాడు. మలక్‌పేట దాకా ఏడు చోట్ల మొద్దులు లేచాయి, ఒక్క అద్దం పగల్లేదు. గురవయ్య పుట్టి బుద్ధెరిగి లారీని అంత వేగంగా తోలలేదు. భయపడడం మరిచిపోయి వాడు కూడా జై కొట్టాడు!

పట్నంలోని పెద్ద దవాఖానలో గుండె డాక్టరు బిక్షాన్ని చూసీ చూడగానే పరుగులు మొదలయ్యాయి. కవాటం మీద గడ్డ కట్టడం మొదలైంది, ఇంకా ఇరుక్కుపోలేదు. రక్తం గడ్డకట్టకుండా నరంలోకి మందు ఎక్కించారు. ఎక్కిస్తూనే ఉన్నారు. లొంగకపోతే మళ్ళీ మద్రాసు, మళ్ళీ రొమ్ము కోయడం, ఈసారి బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. మూడు రోజులు అత్తాకోడళ్ళు వరండాలో పడిగాపులు పడ్డారు. మూడో రోజు పొద్దున డాక్టరు తానే బయటికి వచ్చాడు.

"అమ్మా, గండం గడిచింది. ఆయాసం తగ్గింది. చప్పుడు తేటపడుతోంది."

యాదలక్ష్మి అక్కడే కూలబడి ఏడ్చింది. ఉప్పలమ్మ ఏడవలేదు, ఆ డాక్టరుకు రెండు చేతులా మెటికలు విరిచింది.

డాక్టరు అంతటితో వదల్లేదు. "కానీ ఒక మాట. వచ్చిన రోజు రక్తం పరీక్ష చేస్తే, మాత్ర వేసుకోనివాళ్ళ రక్తం గడ్డకట్టినట్టే గడ్డకట్టింది. మీరు మాత్రలు ఎగ్గొట్టారు, నిజం చెప్పండి."

అంతే! ఉప్పలమ్మ ఒంటికాలి మీద లేచింది. మెడలోని పోగు తీసి డాక్టరు చేతిలో పెట్టింది. "లెక్క పెట్టుకో సారూ! దినానికొక ముడి. ఒక్కటి తప్పినా నా పేరు ఉప్పలమ్మ కాదు!"

వార్డు నర్సు కూచుని లెక్కపెట్టింది. నూట పద్దెనిమిది ముళ్ళు. కాగితం తీసి, వాళ్ళు మద్రాసు నుంచి ఇంటికి వచ్చిన తేదీ మొదలు రోజులు లెక్కపెట్టింది. నూట పద్దెనిమిదే. డాక్టరు ఆ పోగును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన గొంతు మెత్తబడింది.

"తప్పు నాదమ్మా. మాత్ర పడింది, పని మాత్రం చెయ్యలేదు. ఈ మధ్య తిండి ఏమైనా మారిందా? ఏం పెడుతున్నారు?"

ఉప్పలమ్మకు ఉత్సాహం వచ్చింది. కొడుకును ఎట్లా సాకిందో చెప్పుకునే అవకాశం కదా! "రక్తం పట్టాలెనని రెండు పూటల ఆకుకూర సారూ! గంగవాయిలి, పొన్నగంటి, తోటకూర. నెలన్నరాయె. ఒక్క పూట తప్పలే. వాడు వద్దన్నా నేనే ఇన్ని ముద్దలు..."

డాక్టరు ముఖం చూసి ఆమె ఆగిపోయింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నెమ్మదిగా చెప్పాడు. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే సరుకు ఆకుకూరల్లో ఎక్కువట. ఈ మాత్ర ఆ సరుకును అడ్డుకునే మాత్ర. కూర పెంచినకొద్దీ మాత్ర ఓడిపోతుంది. రోజూ కొద్దిగా, ఒకే కొలతన తింటే ఫర్వాలేదు, దానికి తగ్గట్టు మాత్ర వెయ్యొచ్చు. ఉన్నట్టుండి కుప్పలు తెప్పలుగా పెట్టడం, అందులో పరీక్ష కూడా తప్పిపోవడం, రెండూ కలిసి ఇంత పని చేశాయి. "మీకు తెలియక జరిగింది. పైగా చప్పుడు పట్టుకున్నది మీరే. ఇంకో పూట ఆగి ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు" అన్నాడు.

ఆ చివరి మాట ఆమెకు చేరలేదు. మెట్ల మీద కూచుని తన కుడిచెయ్యి వంక చూసుకుంటూ ఉండిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు ఉప్పలమ్మ ఎవరినీ తిట్టలేదు. వార్డులోకి పోలేదు. దవాఖాన అన్నం వస్తే, "నువ్వే పెట్టు బిడ్డా, నేను ముట్టుకోను. నా చెయ్యి మంచిది కాదు" అని యాదలక్ష్మిని లోపలికి తోలేది. "సంపుకుందునే. నా చేతుల్తోని నేనే సంపుకుందునే" అని గోడతో చెప్పుకునేది. యాదలక్ష్మికి భయమేసింది. మూడు రోజులు మొగుడి కోసం పడిన భయం ఇప్పుడు అత్త మీదికి మళ్ళింది. ఉండబట్టలేక పోయి మొగుడితో చెప్పేసింది.

ఆ మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గర గలభా. నర్సు వద్దంటున్నా వినకుండా, గోడ పట్టుకుని, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని బిక్షం వరండాలోకి వచ్చాడు. దవాఖానలో చేరాక మంచం దిగడం అదే మొదలు. వచ్చి తల్లి పక్కన కూలబడి, పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఆకలైతాంది. పెట్టు."

"నాతోని కాదు కొడుకా. నీ పెండ్లాం పెడ్తది."

"దానితోని తినను. నువ్వు పెడ్తెనే తింట. లేకుంటె గోలి గూడ మింగను, ఏం చేస్కుంటవో చేస్కో."

నోరు తెరుచుకుని కూచున్నాడు. పదిమంది రోగులు, వాళ్ళ చుట్టాలు చూస్తున్నారు. డాక్టరు అటుగా వస్తూ ఆగిపోయాడు. ఉప్పలమ్మ పళ్ళెం వంక చూసింది. అన్నం, పప్పుచారు.

"సారూ, ఇది పెట్టొచ్చా?"

"పెట్టొచ్చమ్మా."

"మంచిగ సూడు సారూ. గడ్డ కట్టదు గద?"

డాక్టరు వంగి, పళ్ళెంలోకి నిజంగానే పరీక్షగా చూశాడు. "కట్టదు. పెట్టు తల్లీ."

అప్పుడు కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెడుతుంటే ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపంతా వచ్చేసింది. చెంపల మీదుగా కారి పళ్ళెంలో పడుతున్నా తుడుచుకోలేదు. బిక్షం నమిలి మింగి, ముఖం చిట్లించాడు.

"తూ! ఉప్పు లేదు."

"ఉప్పు లేదా?" ఉప్పలమ్మ గొంతు దవాఖానంతా మోగింది. "దవాఖాన కూడురా ఇది, సచ్చినోడా! మీ అత్తగారిల్లనుకున్నవా, ఒడ్డించి కూసోబెట్టనీకి? నోర్మూసుకొని తిను!"

వరండా అంతా నవ్వింది. యాదలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బిక్షం నోరు మూసుకోలేదు. ఇంకో ముద్ద కోసం తెరిచాడు, ఆమె పెట్టింది.